గుండ్లగూడకు ఆరు వరసల రోడ్డు

ఒక చాయ్ హోటల్ని, ఒక ఊరి పరువుని, నా మొదటి ఉద్యోగాన్ని ఒకే ఒక్క మౌస్‌తో గోతిలోకి తోయబోయిన ఘనత నాది. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు నెమ్మదస్తురాలు, ఆచితూచి అడుగేసే మనిషి అంటారు. నమ్మకండి. తొంభైల చివర్లో శంషాబాద్ దగ్గర నన్ను చూసినవాళ్ళని అడిగితే వేరే కథ చెబుతారు. వాళ్ళయితే ఇంకో రెండు ముక్కలు కలిపి చెబుతారు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను.

మాది మైలార్‌దేవ్‌పల్లి. మా ఇంట్లో ఇంజినీరింగు చదివిన మొదటి మనిషిని నేను. ఆ సంగతి మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు, మా అమ్మ చెప్పని గడప లేదు. రోడ్ల మీద బండ్ల లెక్క తీసి, ఎక్కడ ఎంత రోడ్డు వేయాలో చెప్పే ఒక చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. మా పెద్దాయన విశ్వనాథం గారు భీమవరం వైపు మనిషి, తిట్టినా ‘మీరు’ అనే తిట్టేవారు. శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు వస్తుందట అన్న పుకారు అప్పుడప్పుడే పుట్టింది. ఆ పుకారు వెనకాలే ఒక సర్కారు ఆఫీసు నుంచి మాకు పని వచ్చింది. ఆ చుట్టుపక్కల రోడ్లు ఇరవై ఏళ్ళ తర్వాత ఎలా ఉండాలో చెప్పమన్నారు.

దానికి మా దగ్గర ఒక పాత సాఫ్ట్‌వేర్ ఉండేది. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఎన్ని బండ్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతున్నాయో అంకెలు కొడితే, ఏ రోడ్డు మీద ఎంత రద్దీయో లెక్కగట్టేది. మహా చాదస్తం దానికి. ఒక్క అంకె తేడా వచ్చినా కుయ్యిమని అరిచి, నలభై రెండో వరస తప్పు అని మొండికేసేది. అది సరిచేస్తే నలభై మూడో వరస అనేది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం మానేసి దానితో పోట్లాడాను. అదే గెలిచింది.

సరిగ్గా అప్పుడే దాని కొత్త వెర్షన్ వచ్చింది. డబ్బా విప్పిన రోజు మా ఆఫీసులో పెళ్ళి సందడే. తెర నిండా రంగులు. బండ్లు ఎక్కువుంటే రోడ్డు ఎర్రగా, లావుగా కనిపిస్తుంది. తక్కువుంటే పచ్చగా, సన్నగా ఉంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాత అని నొక్కితే ఎన్ని వరసల రోడ్డు కావాలో తనే చెబుతుంది. బండ్లని చుక్కలుగా తెర మీద నడిపించి చూపే సదుపాయం కూడా ఉందని పుస్తకం చివర్లో రాశారట గానీ, అంతదాకా చదివే ఓపిక నాకెక్కడిది. ఇంతకీ నన్ను కట్టిపడేసింది వేరే ఉంది. ఈ కొత్తది మన తప్పుల్ని తనే దిద్దుకుంటుంది. అరవదు, ఆగదు, వరస నంబరు చెప్పి నలుగురిలో పరువు తీయదు. తప్పులు దిద్దాలా అని అడిగే గడిలో టిక్కు కూడా వాళ్ళే పెట్టి పంపారు.

“చూశారా సార్, ఎంత సంస్కారమో” అన్నాను.

విశ్వనాథం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. “నా తప్పు నాకు చెప్పని మనిషిని నేను పక్కన కూర్చోబెట్టుకోనమ్మా. యంత్రం సంగతి మీరే చూసుకోండి” అన్నారు. పాతకాలం మనిషి కదా అని నేను జాలిపడ్డాను.

ఇక సర్వే. బెంగుళూరు రోడ్డు మీద నుంచి గుండ్లగూడ అనే చిన్న ఊరికి ఒక సన్నటి దారి లోపలికి పోతుంది. ఆ దారి మొదట్లో మా బల్ల వేశాం. బల్లకి ఓ యాభై అడుగుల లోపల, ఊరి వైపు, యాదమ్మ చాయ్ హోటలు. హోటలంటే రేకుల కింద ఒక్క గది, బయట రెండు బల్లలు. మొగుడు పోయాక మట్టి తనే తొక్కి, గోడలు తనే లేపుకుని కట్టుకున్న గది అది. వెనకాల సగంలో ఆమె కాపురం, ముందు సగంలో పొయ్యి.

సర్వేకి అదే ఊరి నర్సింలుని, వాళ్ళ బావమరిదిని పెట్టుకున్నాను. నర్సింలు బండ్లని ఆపి ప్రశ్నలడిగి ఫారం నింపాలి. బావమరిది బల్ల ముందు నుంచి అటు పోయిన ప్రతి బండికీ ఒక గీత, ఇటు వచ్చిన ప్రతి బండికీ ఒక గీత గీసి, పక్కన టైమూ బండి నంబరూ రాయాలి. ఫారం నేనే స్వహస్తాలతో తెలుగులోకి దించాను. అందులో మొట్టమొదటి ప్రశ్న: ‘మీరు ఎక్కడికి వెళ్తున్నారు?’

మీరు ఈపాటికి నుదురు కొట్టుకుంటూ ఉంటారు. నర్సింలు కూడా అదే చేశాడు.

“అక్కా, గిట్ల అడుగుతే బాగుండదు. బయలెల్లినోన్ని ఎక్కడికని అడుగుతరా? దూరం పోతున్నరా అని అడుగుత. ఆల్లే చెప్తరు.”

“ఫారంల ఎట్లుంటే అట్లనే అడగాలె. దూరమా అంటే దూరమే అంటరు. అప్పుడు నేనేం రాసుకోవాలె?”

“ఇగ నీ ఇష్టం. నువ్వు పెద్ద సదువు సదివినవ్.”

నాకు తెలియక కాదు. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడిగితే పని చెడుతుందని, అడిగించుకున్నవాళ్ళు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలని మన దేశంలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కానీ మా నాన్న చర్చిలో పాటలు పాడించే మనిషి. ఇవన్నీ ఉత్త నమ్మకాలు, మనకి పట్టవు అని మాకు చిన్నప్పుడే నూరిపోశాడు. అలాంటి నాన్న కూడా, గడప దాటేటప్పుడు ఎవరైనా ఎక్కడికని అడిగితే, రుమాలు మరిచిపోయానంటూ లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని, ఒక గ్లాసు నీళ్ళు తాగి వెళ్ళేవాడు. రుమాలు ఎప్పుడూ జేబులోనే ఉండేది. ఇది చూసి కూడా నాకు బుద్ధి రాలేదంటే తప్పు నాన్నది కాదు.

మొదటి బండిని ఎలా ఆపాలో చూపిద్దామని నేనే ముందుకెళ్ళాను. పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ మీద మల్లేశం వస్తున్నాడు. చేయెత్తి ఆపి, మీరు ఎక్కడికి వెళ్తున్నారు అని చక్కగా అడిగాను. అతను నా మొహం చూశాడు, ఫారం చూశాడు, ఆకాశం చూశాడు. పొద్దుపొద్దుగాలే గిదేం అడుగుడమ్మా అని గొణిగి, బండి తిప్పుకుని యాదమ్మ హోటల్ బల్ల మీద కూలబడ్డాడు.

వెళ్ళే చోటు అన్న గడిలో ఏం రాయాలని నర్సింలు అడిగాడు. నేను దర్జాగా, మనిషి ఎటు పోతే అటు రాయమన్నాను. అతను నిజాయితీపరుడు. బయలుదేరిన చోటు గుండ్లగూడ, వెళ్ళే చోటు గుండ్లగూడ అని రాశాడు. ఫారం నింపకుండా ఒక్క బండి కూడా దాటకూడదు, రెండోసారి వచ్చినా మళ్ళీ అడగాల్సిందే అని ఇంకో హుకుం జారీ చేసి, నేను బస్సెక్కి ఆఫీసుకి పోయాను. రంగులు నన్ను పిలుస్తున్నాయి మరి.

మూడు రోజుల సర్వే అయ్యాక ఫారాల కట్టలు వచ్చాయి. సగానికి పైగా ఫారాల్లో గుండ్లగూడ నుంచి గుండ్లగూడకే ప్రయాణం, కంప్యూటర్లో కొట్టే తొందరలో నాకది తట్టలేదు. పాత సాఫ్ట్‌వేర్ అయితే మొదటి ఫారానికే గొంతు చించుకునేది. కొత్తది కిమ్మనలేదు. సొంతూరి నుంచి సొంతూరికి రోడ్డెక్కి ఎవరూ పోరు కదా అని తనే తీర్మానించుకుని, ఆ బండ్లన్నిటికీ తలా ఓ ఊరు కేటాయించింది. కొన్నిటిని కందుకూరు పంపింది, ఇంకొన్నిటిని హిమాయత్ సాగర్ చెరువు వైపు పంపింది. ఈ పంపకం అంతా తెర వెనకాలే జరిగిపోయింది, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. చివరికి తెర మీద బెంగుళూరు రోడ్డు పసుపుపచ్చగా, గుండ్లగూడ దారి ఎర్రగా బొటనవేలంత లావున వచ్చాయి. ఇరవై ఏళ్ళ తర్వాత అని నొక్కాను. ఆరు వరసల రోడ్డు, మొదట్లో ఒక పైవంతెన కావాలంది.

విశ్వనాథం గారు ఆ ఎర్ర గీతని చాలాసేపు చూశారు.

“ఆ ఊళ్ళో ఇళ్ళెన్నమ్మా?”

“నూట యాభై ఉంటాయి సార్.”

“రోజుకి రెండు వేల బండ్లా? పశువులు కూడా స్కూటర్లు తోలుతున్నాయా?”

“ఎయిర్‌పోర్టు ప్రభావం సార్” అన్నాను. ఆ రోజుల్లో అక్కడ ఏం జరిగినా ఆ ఒక్క మాటతో సరిపోయేది. ఆయనకి నమ్మకం కుదరలేదు. నేనంత గట్టిగా చెబుతున్నాను కాబట్టి, సర్కారు ఆఫీసు నుంచి వచ్చే పెద్దసారుకి నేనే చూపించి ఒప్పించాలని, ఆ తర్వాతే నా ఉద్యోగం సంగతి మాట్లాడుకుందామని అన్నారు.

సారు వచ్చేలోగా ఆరు వరసల రోడ్డు ఎందాకా వస్తుందో ఊళ్ళో గుర్తులు పెట్టాలి. నర్సింలు చేతికి ఎర్ర రంగు డబ్బా ఇచ్చి టేపు పట్టుకుని నడిచాను. టేపు పోయి పోయి యాదమ్మ పొయ్యి మీదుగా వెనక గోడ దాకా పోయింది. నర్సింలు రంగు వేయలేక వేయలేక, బొట్టంత గుర్తు పెట్టి పక్కకి తిరిగి నిలబడ్డాడు.

“ఏందిది కరుణమ్మా?” అంది యాదమ్మ.

రోడ్డు వస్తే హోటలు పోతుందని, ఇంకా ఖాయం కాలేదని, పెద్దసారు సరేనంటేనే అని నసుగుతూ చెప్పాను. ఆమె గోడ మీద గుర్తుని చేత్తో తడిమి చూసుకుంది.

“గిన్ని బండ్లు మా ఊర్లె ఏడికెల్లొస్తయి బిడ్డా?”

“ఇప్పుడే ఉన్నయి యాదమ్మా. లెక్కల వచ్చినయి.”

“గా మూడు దినాలు ఉండె. మీరు పోయినంక మల్ల మామూలే.”

చూశారా, మొత్తం రహస్యం నా చేతిలో పెట్టింది. నేను పట్టుకోలేదు. ఆమె ఎప్పటిలాగే చాయ్ పోసి ఇచ్చింది, నా ఇల్లు ఎందుకు కూలగొడతావని అడగలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కానీ కంప్యూటర్ చెప్పింది తప్పెలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకుని ఇంటికి పోయాను. మనసు కుదురుగా లేక ఆ సాయంత్రం సాఫ్ట్‌వేర్ పుస్తకం చివరి పేజీలు తిరగేశాను. బండ్లని చుక్కలుగా నడిపించడం ఎలాగో అప్పుడు చదివాను. సారు ముందు చూపిస్తే అదిరిపోతుంది అనుకున్నాను. అదిరిపోయిన మాట నిజమే.

మర్నాడు కంప్యూటర్‌ని మా అమ్మ దుప్పట్లో చుట్టి, జీపులో ఒళ్ళో పెట్టుకుని గుండ్లగూడ పంచాయతీ ఆఫీసుకి తీసుకెళ్ళాను. పెద్దసారు తక్కువ మాటల మనిషి. ఊరు ఊరంతా వచ్చింది. యాదమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నేను ఎర్ర గీత చూపించి, రోజూ ఈ ఊరి నుంచి హిమాయత్ సాగర్‌కి నాలుగు వందల బండ్లు పోతున్నాయని ప్రకటించాను.

మల్లేశం చేయెత్తాడు.

“ఎందుకు పోతున్నరు మేడం?”

“అది మీరే చెప్పాలి.”

“నేను గా చెరువు మొకం చూసి పదేండ్లాయె.”

జనం నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఎవరి బండి ఎటు పోయిందో నంబర్లతో సహా చూపిస్తానని చెప్పి, చుక్కలు నడిపించే బొమ్మని నొక్కాను. అక్కడే నా కొంప మునిగింది. ఎందుకంటే ఈ సదుపాయం సరిదిద్దిన లెక్కని చూపించదు. నర్సింలు బావమరిది టైమూ నంబరూ వేసి రాసింది రాసినట్టు చూపిస్తుంది.

తెర మీద పొద్దున ఆరయింది. ఊళ్ళో నుంచి ఒక చుక్క బయలుదేరింది. మా బల్ల దాకా వచ్చింది, ఆగింది, వెనక్కి తిరిగింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, ఆగింది, మళ్ళీ వెనక్కి పోయింది. దాని వెనకాల ఇంకో చుక్క, ఇంకోటి. ఒక్కటీ బెంగుళూరు రోడ్డెక్కదు.

“గది నా బండే” అన్నాడు మల్లేశం, నంబరు చూసి.

ఆ తర్వాత వ్యాఖ్యానం మొత్తం ఊరిదే. వాడిప్పుడు నీళ్ళు తాగుతుండు అని ఒకరన్నారు. ఇగ లేచిండు, మల్ల అడిగిండ్రు అని ఇంకొకరు అందుకున్నారు. మల్లేశం చుక్క పదకొండు సార్లు తిరిగింది, పాలు ఆ రోజు విరిగాయని అతను అందరికీ గుర్తుచేశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఉన్నట్టుండి చుక్కలన్నీ ఒకేసారి బల్ల దాటి పరుగు పెట్టాయి. అది నర్సింలు అన్నం తినడానికి పోయిన టైము.

“వీళ్ళందరూ ఎందుకు వెనక్కి పోతున్నారు?” అని సారు నన్ను అడిగారు. గుమ్మం దగ్గర నుంచి యాదమ్మ చెప్పింది.

“బయలెల్లినోన్ని ఎక్కడికని అడిగిండ్రు సారూ. ఎవడు పోతడు? తిరిగొచ్చి నా బల్ల మీద కూసొని ఇన్ని నీళ్ళు తాగి మల్ల బయలెల్లిండ్రు. మల్ల అడిగిండ్రు. మూడు దినాలు నా కుండల నీళ్ళు ఆగలే. ఊర్లె ఉన్నవే నూరు బండ్లు, గవ్వే అటిటు తిరిగినయి. గా నీళ్ళు ఇచ్చిన పాపానికి నా ఇల్లు కూలగొడ్తరా?”

అందరూ నా వైపు చూశారు. నర్సింలు మీదకి నెట్టేయొచ్చు, ఫారాలు అతనే నింపాడు. కానీ అతను తల దించుకుని నిలబడ్డ తీరు చూస్తే నాకు మనసొప్పలేదు. ఆ ప్రశ్న రాసింది నేనేనని, వద్దన్నా వినకుండా అడిగించింది నేనేనని, మొదట అడిగింది కూడా నేనేనని చెప్పేశాను. మరి మీ కంప్యూటర్ తప్పు పట్టుకోలేదా అన్నారు సారు.

“పాతదైతే పట్టుకునేది సార్. కొత్తదానికి మర్యాద ఎక్కువ” అన్నాను. విశ్వనాథం గారికి అప్పుడే దగ్గు వచ్చింది, చాలాసేపు తగ్గలేదు.

పెద్దసారు పెన్ను తీసి నా రిపోర్టులో ఆరు వరసల రోడ్డుని, పైవంతెనని అడ్డంగా కొట్టేశారు. సర్వే మళ్ళీ చేయమన్నారు. ఈసారి నర్సింలు ఎలా అడగమంటే అలా అడగాలన్నారు. యాదమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు గుండె మీద నుంచి గుండ్లగూడ మొత్తం దిగిపోయినంత తేలికయింది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? సారు జీపు యాదమ్మ హోటలు ముందే ఆగి ఉంది. ఆయన ఎక్కి కూర్చున్నారు, డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు. నన్ను క్షమించినందుకు ఒక మంచి మాట చెప్పి పంపాలనిపించి, పరుగున జీపు దగ్గరికి వెళ్ళి, ఉన్న వినయమంతా పోగేసుకుని అడిగాను.

“ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నారు సార్?”

జీపు మా సర్వే బల్ల వేసిన చోటు దాకా పోయింది. అక్కడ ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చింది. పెద్దసారు దిగారు, యాదమ్మ బల్ల మీద కూర్చుని చేయి చాచారు. యాదమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, నా వైపు చూడకుండా మళ్ళీ జీపెక్కి వెళ్ళిపోయారు. దుమ్ము సర్దుకున్నాక యాదమ్మ నింపాదిగా అంది:

“నర్సింలూ, జీపుకు మూడు గీతలు పెట్టు.”

రెండో సర్వేలో గుండ్లగూడ దారి తెర మీద పచ్చగా, దారప్పోగంత సన్నగా వచ్చింది. నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది, ఆ ఆరు నెలలూ విశ్వనాథం గారు నన్ను పాత సాఫ్ట్‌వేర్ ముందే కూర్చోబెట్టారు. అది కుయ్యిమన్నప్పుడల్లా నాకు ఎంత ధైర్యంగా ఉండేదో చెప్పలేను. గోడ మీద ఎర్ర గుర్తుకి యాదమ్మ ఒక క్యాలెండరు తగిలించింది. నేను చాయ్‌కి పోయినప్పుడల్లా ఆ క్యాలెండరు కాస్త పక్కకి జరిపి, ఇంకా ఉన్నదని చూపించేది.

ఒట్టు పెట్టుకోకూడదని మా నాన్న నేర్పాడు కాబట్టి ఒట్టు పెట్టను. చదువరులైన మీ అందరి ఎదుటా, కీబోర్డు మీద కుడిచేయి వేసి మాట మాత్రం ఇస్తున్నాను. నా తప్పు చూసి నోరు మూసుకునే యంత్రాన్ని ఈ జన్మలో నమ్మను. గడప దాటిన మనిషిని ఎక్కడికని అడగను, ఆ మనిషి నా మొగుడైనా సరే. మొన్న ఆయన సంచీ పట్టుకుని బయలుదేరుతుంటే ఆ ప్రశ్నని బిగబట్టుకుని, దూరమా అని మాత్రం అడిగాను. మూల మీది కొట్లో కొత్తిమీరకట్ట తెస్తానన్నాడు. అయినా సరే, ఇచ్చిన మాట మాటే.